నిమ్మరసం పడని సీసా

చనిపోవడానికి కొద్దిరోజుల ముందు నా భార్య ఆనందమ్మ మటన్ పచ్చడి పెట్టింది, దోహాలో పనిచేసే మా కొడుకు బెన్నీ కోసం. సీసా అంచుదాకా నూనె పోసి, పెట్టెలో కారకుండా మూత బిగించి, చుట్టూ మైనం పూసింది. గల్ఫ్‌కు పచ్చడి పంపే ఇళ్లన్నిటా ఇంతే. గాలి సోకకపోతే పాడు కాదని నమ్మకం. నిమ్మరసం మాత్రం పిండలేదు. ముందే పులుపు పడితే ముక్క మెత్తబడుతుందని, అక్కడ తానే పిండుకుంటానని బెన్నీ ఎప్పుడూ చెప్పేవాడు.

తీసుకెళ్తానన్న మనిషి ప్రయాణం మానుకున్నాడు. సీసా అల్మారాలో ఉండగానే ఆమె గుండె ఆగిపోయింది. సెలవు దొరక్క బెన్నీ భూస్థాపనకు అందలేదు. నెల దాటాక చెన్నూరులో బస్సు దిగి వచ్చాడు. బ్యాగు కింద పెట్టకముందే, వాళ్లమ్మ పెట్టిన పచ్చడి ఏదని అడిగాడు.

తీసి చూశాను. మూత ఉబ్బి ఉంది. సీసా వాడి చేతికివ్వలేదు.

“మంచిగ ఉడకవెట్టుకొని తింట బాపు.”

జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. తెలిసింది చెప్పాను. ఉడికిస్తే క్రిములు చస్తాయి గాని వాటి సిద్ధబీజాలు చావవు. గట్టి పొరలో ముడుచుకుని పడి ఉంటాయి. గాలి ఆడని చోటు, కాస్త వెచ్చదనం దొరికితే మొలకెత్తి విషం చేస్తాయి. ఆ విషానికి వాసన కూడా ఉండకపోవచ్చు. ఇంత ఉబ్బిన సీసాను పొయ్యి మీద నమ్మలేను.

“ఇంట్ల గూడ సారువేనా?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “అవ్వ చేతిది బాపు. మల్ల యాడ దొర్కుతది?”

“దొర్కది బిడ్డా. అయినా నిన్ను తిననియ్య.”

ఉబ్బిన మూతను వేలితో తాకాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“నిమ్మకాయ పిండితే గిట్ల కాకపోవునా?”

పులుపు చాలినంత ఉంటే ఆ బీజాలు మొలవవు. ఏటేటా పిల్లలకు చెప్పిన పాఠమే.

“తెల్వదు బిడ్డా,” అన్నాను.

పెరట్లో గొయ్యి తీశాం. ముందురోజు వాన పడింది; గడ్డపార అవసరం లేకుండానే పార నేలలోకి దిగింది. సీసాను విప్పకుండా సంచిలో చుట్టి లోపల పెట్టాం. నేను పార అందుకోబోతే బెన్నీ వద్దన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు మట్టి వేశాడు. ఆగి, ఇంకో పిడికెడు.

నేను పారను గోడకు ఆనించి వాడి పక్కన కూర్చున్నాను.