మౌనాచారి చేతిలో నా కొలువు

ఏమోయ్, మెరుస్తున్నానని వెండి అనుకుని జేబులో వేసుకునేవు సుమా. నేను ఒక స్టీలు పట్టీని. ఒంటినిండా చిల్లులే. వెక్కిరించకు, నీ బనియను నాకేం తీసిపోలేదు.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఆసుపత్రి డబ్బాలో ఆవిరికి ఉడికి, చివరికి సిద్దిపేట వడ్రంగి మౌనాచారి కుడిచేతిలో కొలువు సంపాదించాను. పేరులోనే మౌనం. మనిషి నోరు మూసింది మత్తిచ్చినప్పుడు మాత్రమే.

అతని ముంజేతి రెండెముకల్లో చిటికెనవేలి వైపుది కాస్త పొడుగై మణికట్టులో గుద్దుకునేది. చెక్క నునుపు చేసే రందా తోస్తే ప్రాణం పోయేది. డాక్టరమ్మ ఆ ఎముకలోంచి సన్నని ముక్క కోసి తీసి, కొసలు రెండూ కలిపి, మీద నన్ను మరలతో బిగించింది.

"ఇక బరువు బొటనవేలి వైపు ఎముక మీదికి ఎక్కువ పోతుంది. అది మోచేతి బయటి వైపు కీలు మీద పడుతుంది. అతికేదాకా చెయ్యి జాగ్రత్త" అంది.

ఆచారికి ఇంకేం కావాలి? భార్య కళావతి బిందె ఎత్తమన్నా మోచెయ్యి పట్టుకునేవాడు.

"లోడు అటు మారింది కళా. డాక్టరమ్మ చెప్పంగ ఇన్లేదా?"

"నోటి మీది లోడు గూడ జర మార్చమని అడగకపోయినవా?"

పైకి నవ్వేవాడు గానీ, ఎవరూ లేనప్పుడు రందా మీద చెయ్యి వేసి, తొయ్యకుండానే తీసేసేవాడు. మళ్ళీ పని చేస్తానా అని లోపల బెంగ. ఎముక అతికిందని ఎక్స్‌రేలో చూపించాక మెల్లగా తోయడం మొదలుపెట్టాడు. అదీ నా ధైర్యంతోనే. వచ్చినవాళ్ళందరి చేతా నన్ను తడిమించి, "ఉక్కు చెయ్యి" అనేవాడు. నేను ఉబ్బిపోయాను. ఊళ్ళో ప్రతి కొత్త తలుపూ నా చలవే అనుకున్నాను.

తర్వాత చెయ్యి బల్లకు ఆనిస్తే చర్మం కింద నేను ఒరుసుకోసాగాను. డాక్టరమ్మ తీసేద్దామంది.

"తీస్తే చెయ్యి ఇరుగుతది గదమ్మా?"

"ఇరగదు. తీశాక, ఎముకలో మరలు దిగిన చిల్లులు పూడేదాకా బరువు పని ఆపితే చాలు."

నన్ను తీశాక, డాక్టరమ్మను అడిగి ఇంటికి తెచ్చుకుని, పాత మేకుల మధ్య పెట్టుకున్నాడు. గడువు తీరాక, కళావతి పక్కనే నిలబడి చూస్తుండగా, రందా పట్టాడు. ఇప్పుడు చెయ్యి విరుగుతుంది, నా విలువ తెలుస్తుంది అని మేకులకు కూడా చెప్పాను.

టేకు పొట్టు ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది.

"మోచెయ్యి నొస్తుందా?"

"లేదే. చెయ్యి తేలికైంది."

అప్పుడు అర్థమైంది. ఎముక అతికిన నాటి నుంచీ నేను మోసిందేమీ లేదు. అదే నన్ను మోసుకు తిరిగింది.