దాలమ్మ జ్యూస్ బండి

ధనరాజ్ మొదట మా జ్యూస్ బండి మీది మిక్సీని పగలగొట్టాడు. తరవాత గ్లాసులు. ఆ తరవాత మా అమ్మ పొద్దున్నే తరిగి పెట్టుకున్న బీట్‌రూట్ గిన్నెను ఇనప రాడ్డుతో ఎగరగొట్టాడు. కొత్తవలస స్టేషన్ రోడ్డులో జనం గుమిగూడి చూస్తున్నారే కానీ, ఒక్కడంటే ఒక్కడు ముందుకు రాలేదు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే.

ధనరాజ్ నాకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిన కోచ్. స్టేషన్ వెనకాల జిమ్ నడుపుతాడు. బాగానే నేర్పాడు, కాదనను. కానీ అక్కడ కాలు పెట్టిన ప్రతివాళ్లూ అతను అమ్మే పౌడరు డబ్బాలు, విటమిన్ బిళ్లలు కొనాల్సిందే. మా అమ్మ దాలమ్మ నన్ను కొననివ్వలేదు. కిరండూల్ పాసింజరు రైల్లో కొండ మీంచి కూరగాయలు దింపే ఆడవాళ్ల దగ్గర కేరట్లు, బీట్‌రూట్లు బేరమాడి తెచ్చి, ఉసిరికాయలు కలిపి, రసం తీసి నాకు పట్టేది.

"రసం తాగితేనే బరువు లెగిసిపోతాదని నానన్నేదు, ఈస్సరీ. గుడ్లు తిను, సేపలు తిను. ఆ డబ్బాలో ఏటున్నాదో ఆడికీ తెల్దు, నీకూ తెల్దు. ఇందులో ఏటున్నాదో నాకు తెలుసు" అనేది.

"నీ రసం అంగనవాడీ పిల్లలకి పోసుకో దాలమ్మా" అని ధనరాజ్ నలుగురిలో వెటకారం చేసేవాడు. అమ్మ పట్టించుకునేది కాదు.

డబ్బా కొన్నది శైలజ. నాతోపాటే లేపేది, నాకన్నా బాగా లేపేది. రాష్ట్రపోటీల్లో ఆమె మూత్రపరీక్షలో నిషేధించిన మందు బయటపడింది. ఆ పిల్ల తిన్నదల్లా ఆ పౌడరే. ఆమెను ఆటలోంచి తోసేశారు. 'బయటెక్కడ ఏం తిందో నాకేం తెలుసు' అని ధనరాజ్ చేతులు దులుపుకున్నాడు. అప్పటినుంచి జిమ్ పిల్లలంతా డబ్బాలు మానేసి మా బండి చుట్టూ చేరారు. అతని కడుపుమంటంతా అదే.

పట్టపగలు అంత ధైర్యంగా మా మీదకు రావడానికి ఇంకో కారణం ఉంది. నాకు స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. ఈలోగా నా మీద కేసు పడితే ఉద్యోగం హుళక్కే. ఆ సంగతి నాకు తెలుసు. అతనికి ఇంకా బాగా తెలుసు.

మిక్సీ జారన్నా దక్కించుకుందామని అమ్మ చెయ్యి చాచింది. రాడ్డు ఆ కుడిచేతి మీదే పడింది. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది. అమ్మ బండి చక్రానికి ఆనుకుని కూలబడి, ఆ చేతిని కొంగులో చుట్టుకుంది.

నేను ధనరాజ్ మీదకు వెళ్లాను. అతను వెనక్కి తగ్గలేదు. నవ్వుతూ ఆ రాడ్డు నా చేతుల్లోనే పెట్టాడు.

"కొట్టవే. కొడితే కేసవుతాది. కేసయితే నీ ఉజ్జోగం గోవిందా."

రాడ్డు బిగించి పట్టుకున్నాను. అతని తల పగలడానికి ఒక్క దెబ్బ చాలు. చంపెయ్యాలనే ఉంది నాకు, దాపరికం ఎందుకు. కానీ నా ఒంటి బరువుకు రెట్టింపు లేపినదాన్ని, ఆ రాడ్డును భుజం దాకా తేలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇలాగియ్యి" అంది అమ్మ. ఎప్పుడు లేచిందో, నా పక్కనే నిలబడి ఉంది.

"వద్దమ్మా."

"నువ్వు ఎనక్కెల్లు. సేతులు కట్టుకుని నిలబడు. అందరూ సూడాల. నాకేటి, ఉజ్జోగమా సజ్జోగమా."

ఎడమచేత్తో రాడ్డు లాక్కుని అతని మోకాలి మీద వేసింది. అతను వంగగానే వీపు మీద, భుజం మీద, ఆఖరికి నోటి మీద. పళ్లు ఊడి రోడ్డు మీద పడ్డాయి. చింతకాయలు రాలగొట్టినట్టు కొట్టింది. ఆపాలనుకుంటే ఆపగలను. చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఆపలేదు. నాకు సంతోషంగా ఉంది.

కానిస్టేబులు వచ్చేసరికి ధనరాజ్ నేల మీద పడి ఉన్నాడు. రాడ్డు అతని పక్కనే ఉంది.

"ఎవరు కొట్టారు?"

"నాను బాబూ" అంది అమ్మ.

"ఆ పిల్ల" అన్నాడు ధనరాజ్, నెత్తురు ఉమ్మేసి, నన్ను చూపిస్తూ. "వెయిట్‌లిఫ్టరు. ముసిల్దాని సెయ్యి సూడండి. ఆ సేత్తో ఎలాగ కొడతాది?"

కానిస్టేబులు అమ్మ చేతిని చూశాడు. నా భుజాలను చూశాడు. జనం వైపు తిరిగితే అందరూ నేలచూపులే. జేబులోంచి పెన్ను తీసి, "నీ పేరేటమ్మా?" అని నన్నే అడిగాడు.

అమ్మ వంగింది. ఎడమచేత్తో రాడ్డు అందుకుని, కానిస్టేబులు కళ్ల ముందే, ధనరాజ్ రెండో మోకాలి మీద ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. చిప్ప పగిలింది. అతని కేక ప్లాట్‌ఫారం దాకా వినపడి ఉంటుంది.

రాడ్డు కింద పడేసి, కానిస్టేబులుకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నా పేరు దాలమ్మ. ఇప్పుడు రాసుకో బాబూ. మా పిల్ల సేతులు కట్టుకునే ఉన్నాది."

అతను రాసుకున్నాడు. నేను ఏడుస్తూ, చేతులు విప్పకుండా అలాగే నిలబడ్డాను.