సూరమ్మ పొట్టి చుట్టలు

ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఆగిందంటే అందులో ఉన్నవాడు జమీందారైనా జీతగాడైనా కాసేపు ఏమీ చేయలేడు. వెనక తలుపులు పడాలి, నీరు సమంగా నిలవాలి, ముందు తలుపులు తెరుచుకోవాలి. అంతవరకు కాకినాడ కోర్టుకు పోయే ప్లీడరుగారూ, కోడిపెట్టను సంకన పెట్టుకున్న ముసలమ్మా ఎదురుగా ఉన్న రాతిగోడనే చూస్తూ కూర్చోవలసిందే. చేతికి పని లేనప్పుడు మనిషికి నోరు గుర్తొస్తుంది. ఆ సంగతి లాకులు కట్టించిన దొరలకు తెలుసో తెలియదో గాని, గట్టు మీద చుట్టల బుట్ట పెట్టుకుని కూర్చునే సూరమ్మకు మాత్రం బాగా తెలుసు.

సూరమ్మ ఏనాడూ "కొనండి" అనేది కాదు. ఆ మాట చెవిన పడగానే మనిషి మొలలో సంచీని గట్టిగా పట్టుకుంటాడని ఆమె నమ్మకం. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆ గాలి పడవమీదికి పోయేలా కూర్చుని, పక్కనున్న కుంపట్లో చిటికెడు పొగాకు పొడి వేసేది. మిగిలిన పని గాలే చేసేది. పడవలో ఎవరో ఒకరు ముక్కు ఎగబీల్చేవారు, వెంటనే తల పక్కకు తిప్పుకునేవారు. అలా తల తిప్పుకున్నవాడే కొనేవాడని సూరమ్మకు తెలుసు. వాడు తల తిప్పుకోగానే తనూ తిప్పేసుకునేది. ఒకరు చూస్తున్నంతసేపే మనిషికి నిగ్రహం, చూడటం మానేస్తే చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. అవతలి గట్టు మీద పల్లంరాజు కొట్టుపెట్టుకుని గొంతు చించుకుని అరిచేవాడు. పాపం, అరిచే కొద్దీ జనం అతన్ని చూసేవారు తప్ప అతని చుట్టల్ని చూసేవారు కాదు.

చుట్టలు చుట్టేది సూరమ్మ మొగుడు వీరాస్వామి. లంక పొగాకు తెచ్చి, తడిపి, ఈనె తీసి, పొద్దున్నే అరుగుమీద కూర్చున్నాడంటే మళ్ళీ లేచేది అన్నానికే. అతని చేతి చుట్ట జానెడు పొడుగున, రెండు చివర్లా సన్నగా, మధ్య నిండుగా ఉండేది. చుడుతూనే ఒకటి నోట్లో ఉంచుకునేవాడు. పాతికేళ్ళ కాపురంలో చుట్ట లేని మొగుడి ముఖాన్ని సూరమ్మ నిద్రలోనే చూసింది.

ఆ ఏడు తొలకరికి అతనికి దగ్గు పట్టుకుంది. వానలు తగ్గినా అది తగ్గలేదు. ఒకనాడు ఉమ్మిలో ఎర్రజీర కనబడింది. వైద్యుడు నాడి చూసి, చుట్ట మానితే బతుకుతావు, మానకపోతే ఇక నా గుమ్మం తొక్కకు అన్నాడు. మానమనడం తేలికే. తెల్లవారి లేచింది మొదలు వేళ్ళు పొగాకులోనే ఉండేవాడు ఎలా మానతాడు? వీరాస్వామి పట్టుదలగా మానాడు, పిచ్చికోపంతో తిరిగాడు, అన్నం కంచం తన్నాడు, దొడ్లోకి పోయి దొంగతనంగా కాల్చి వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా అరుగుమీద కూర్చున్న మొగుణ్ణి చూసి సూరమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. ఇతను పోతే తనకు ఇంకెవరూ లేరు.

అప్పుడు ఆమెకు ఒక ఉపాయం తట్టింది. కత్తిపీట తీసి ఒక చుట్టను నడిమికి కోసింది. చివర దారం చుట్టి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇది చుట్ట కాదు మావా. మానుకోడానికి మందు. చుట్టంటే జానెడుండాలి, ఇదెక్కడుంది?"

వీరాస్వామి నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. ఆ పొట్టి దాన్ని కాల్చి, బుద్ధిగా పని చేసుకున్నాడు. గుడ్డికన్నా మెల్ల నయమని సూరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

వ్యాపారి బుర్ర దణ్ణం దగ్గర ఆగదు. మొగుడికోసం చుట్టించిన పొట్టివి కొన్ని ఒకరోజు లాకుల బుట్టలోకి వచ్చాయి. ఆ పడవలో రాజరత్నం పంతులుగారున్నారు. రాజమండ్రి మిషను బడిలో పాఠం చెప్పే ఆయన, శనివారం శనివారం సామర్లకోటలో తల్లిని చూడటానికి వెళ్ళేవారు. చుట్ట ముట్టనని చర్చిలో సంఘమందరి ముందూ మాటిచ్చారని లాకుల దగ్గర అందరికీ తెలుసు. అప్పటినుంచి పాపం సూరమ్మకు వీపు పెట్టి కూర్చునేవారు. సూరమ్మ ఆయనతో ఏమీ అనలేదు. పక్కనున్న ముసలమ్మతో అన్నట్టు, ఇవి మానుకునేవాళ్ళకోసం చేసినవనీ, చుట్ట కాల్చేవాళ్ళు అడిగితే ఇవ్వననీ అంది.

ఆ వీపు మెల్లగా ఇటు తిరిగింది. చుట్ట కాదన్నమాట, అన్నారు పంతులుగారు. సూరమ్మ నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, మీకు చుట్ట ఎలా ఇస్తానండి, మీరు మానేశారు కదండి అంది. లాకు తలుపులు తెరుచుకునేసరికి ఆయన చేతిలో ఒక కట్ట ఉంది.

ఇక చెప్పేదేముంది! పండక్కి చేసిన అరిసెల్లా పోయాయి పొట్టి చుట్టలు. మానదలుచుకున్నవాళ్ళు కొన్నారు, మానదలుచుకున్నామని చెప్పుకోదలిచినవాళ్ళు వాళ్ళకంటే ఎక్కువగా కొన్నారు. మొగుళ్ళను బాగుచేసుకుందామని ఆడవాళ్ళు కొన్నారు. జన్మలో చుట్ట మానే ఉద్దేశం లేని పడవ సరంగులు కూడా, పొద్దున పొట్టివి కాలిస్తే సాయంత్రం పొడుగుది కాల్చే హక్కు వస్తుందని కొన్నారు. కొన్న ప్రతివాడూ సూరమ్మ అన్న మాటనే తన మాటగా పక్కవాడికి చెప్పేవాడు. వాడు పుణ్యం కొంటున్నట్టు కొంటుంటే, తను పుణ్యం అమ్ముతున్నట్టు అమ్మేది. నిజానికి అది మోసమని ఆమె అనుకోలేదు. నా మొగుడికి పెట్టిందే కదా లోకానికి పెడుతున్నాను అనుకుంది.

మరుసటి వేసవికి గోదావరి పుష్కరాలు వచ్చాయి. అటు కాకినాడ నుంచీ ఇటు కోనసీమ నుంచీ జనం పడవల్లో రాజమండ్రికి పోవలసిందే, లాకుల దగ్గర ఆగవలసిందే. వీరాస్వామి దగ్గుతూనే రేయింబవళ్ళు చుట్టాడు. ఇంటినిండా పొట్టి చుట్టల గంపలు నిలిచాయి. పుష్కరాల అమ్మకంతో తాటాకు కప్పు తీసేసి పెంకులు వేయించాలని సూరమ్మ ఆశ. కొలతలు చూసుకోవడానికి మేస్త్రీని పిలిపించింది.

మేస్త్రీ నిచ్చెనెక్కి అరుగుమీది చూరు పట్టుకుని గుంజాడు. ఎండిన తాటాకుతోపాటు అందులోంచి ఏవో గోధుమరంగు ముక్కలు రాలాయి. సూరమ్మ వంగి ఏరింది. అవన్నీ చుట్టలు. సగం కాలినవి, ముప్పాతిక మిగిలినవి, రెండు దమ్ములు లాగి వదిలేసినవి. ఏళ్ళ తరబడి వీరాస్వామి ఆర్పి, తర్వాత కాలుద్దామని చూరులో దోపి, మరిచిపోయినవి.

మేస్త్రీ నవ్వుతూ, మీ ఆయన పొదుపరే అన్నాడు. సూరమ్మ నవ్వలేదు. చేతిలో ఉన్నవాటిని అలాగే పట్టుకుని నిలబడింది.

ఈయన ఆర్పేవాడు. జానెడు చుట్టను ఏ మనిషీ ఒక్క బిగిన కాల్చడు. కొంత కాలుస్తాడు, చాలనిపిస్తుంది, ఆర్పుతాడు, చెవిసందునో చూరులోనో పెడతాడు. ఆ 'చాలు' అన్న మాట అనడానికి చుట్టలో చోటుంది. మరి ఈ పొట్టిదాన్ని? దాన్ని ఎవడైనా ఆర్పగా తను చూసిందా? రాజరత్నం పంతులుగారు ఆర్పారా? సరంగులు ఆర్పారా? ఆర్పడానికి అందులో ఏముంది గనక! చాలనిపించకముందే అది అయిపోతుంది, అయిపోయింది కదా అని చెయ్యి ఇంకోదానికి పోతుంది.

ఆమె అరుగు చివరకు వెళ్ళి, గోడవారగా కుడితి గోళెం వెనక్కి తొంగిచూసింది. అక్కడ చుట్ట పీకలు కుప్పగా పడున్నాయి. ఒక్కటీ సగంలో ఆగింది లేదు, అన్నీ దారందాకా కాలినవే. మొగుడి దగ్గు ఎందుకు తగ్గలేదో ఆమెకు తెలిసిపోయింది.

మేస్త్రీ వెళ్ళిపోయాక, మొగుడికి ఆ కుప్పను చూపించి అడిగింది. అడిగేటప్పుడు గొంతులో కోపమే ఉంది, దొంగను పట్టుకున్న కోపం. వీరాస్వామి తప్పుచేసినవాడిలా చూడలేదు. నిజంగా అర్థం కానట్టు చూశాడు.

"మానుకోడానికి మందన్నావు కదే సూరమ్మా. మందే కదా, ఎన్నేసుకుంటే ఏంటి అనుకున్నాను."

లాకుల దగ్గర ఎంతమందికి ఆ మాట అమ్మిందో, అందరికంటే ముందు కొన్నది ఇతనే. అందరికంటే ఎక్కువగా నమ్మిందీ ఇతనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో గెలిచాననుకునే కదా తను రచ్చకెక్కింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మొగుడు కంగారుపడతాడని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం మొగుడికి జానెడు చుట్ట ఒకటి తెచ్చి ఇచ్చింది. మందు ఏది అని అడిగాడతను. ఇక మందూ లేదు మాకూ లేదు, ఇది చుట్టే, నీ ఇష్టం అంది. వీరాస్వామి వెలిగించాడు. సూరమ్మ ఎదురుగా కూర్చుని అతన్నే చూస్తూ ఉండిపోయింది. నాలుగు దమ్ములయ్యాయి, దగ్గు వచ్చింది. అతను చుట్టను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. చాలా సేపు చేతిలోనే ఉంచుకుని, అరుగు అంచుకు నొక్కి ఆర్పాడు. పాత అలవాటుగా చెవిసందున పెట్టుకున్నాడు.

మర్నాడే పుష్కరాల మొదటి రోజు. లాకుల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. సూరమ్మ గంపల్ని పారబోయలేదు. అంత మహాత్మురాలేమీ కాదు. పొట్టివి ఒక గంపలో, పొడుగువి ఒక గంపలో పెట్టుకుని వచ్చింది. కుంపటి తేలేదు, చుట్ట వెలిగించుకునే నిప్పుతాడు మాత్రం గుంజకు కట్టింది. నోరు విప్పలేదు. అవతలి గట్టున పల్లంరాజు, ఇది చుట్ట కాదు బాబూ మానుకునే మందు అంటూ ఆమె మాటను ఆమెకే వినబడేలా అరుస్తున్నాడు. అతని చుట్టూ జనం మూగుతున్నారు. ఆమె పొట్టి చుట్టల్ని తిరిగి చూసినవాడు లేడు. ఇన్నాళ్ళూ జనం కొన్నది మాటనే అని, చుట్ట దానికి కొసరని అప్పుడు తెలిసింది సూరమ్మకు.

ఇంటి దగ్గర పొగాకులో కూర్చోవద్దని మొగుణ్ణి తనతోనే తీసుకొచ్చింది. అతను పక్కనే కూర్చుని పడవల్ని చూస్తున్నాడు. చెవిసందున చుట్ట అలాగే ఉంది.

రాజరత్నం పంతులుగారి పడవ వచ్చి ఆగింది. శనివారం కాబట్టి వచ్చారు గాని, ఆయనకు పుష్కరాలతో పనిలేదు. ఒడ్డుకు దిగి ఎప్పటిలా కట్ట అడిగారు. సూరమ్మ తలెత్తలేదు.

"అవీ చుట్టలేనండి పంతులుగారూ. పొట్టి చుట్టలు. నేను అబద్ధం చెప్పానండి."

పంతులుగారి ముఖం పాలిపోయింది. కోపమొస్తే బాగుండును, రాలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎటు చూడాలో తెలియక వీరాస్వామిని చూశారు.

"ఆ చెవిలోదేంటి వీరాస్వామీ?"

"నిన్నటిదండి."

పడవలో కూర్చున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. నిన్న వెలిగించిన చుట్ట నేటికీ మిగిలి ఉన్న మనిషిని వింతగా చూశారు. వాళ్ళ కళ్ళు వీరాస్వామి చెవిమీంచి పొడుగు చుట్టల గంపమీదికి దిగడం సూరమ్మకు కనబడింది. అంతే, ఆమె నాలుక చివరికి ఒక మాట వచ్చి కూర్చుంది. చూశారా బాబూ, ఇదీ మా చుట్ట, ఒకటి వెలిగిస్తే రెండు రోజులు ఆగే చుట్ట. ఆ ఒక్క మాట అంటే చాలు, పొద్దువాలేలోగా గంప ఖాళీ. పల్లంరాజు కొట్టు కట్టేసుకుని పోవాలి. ఇంటికి పెంకులు రావాలి.

ఆ మాట అంటే మొగుడి చెవిలో చుట్ట ఏమవుతుందో కూడా ఆమెకు కనబడింది. రేపు అది అమ్మకానికి పెట్టుకునే గుర్తవుతుంది. జనానికి చూపించడానికి ఒకటి చెవిలో ఉంటుంది, గోళెం వెనక మళ్ళీ కుప్ప పెరుగుతుంది. నోరుంటే తల కాస్తుందంటారు. ఒక తల కాయడానికి నోరు మూసుకోవలసి వస్తుందని ఎవరూ చెప్పలేదు. సూరమ్మ పళ్ళ మధ్య నాలుకను నొక్కిపెట్టింది. లాకు తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. పంతులుగారు ఏమీ కొనకుండానే పడవెక్కారు. లాకు దాటాక పడవ ఆపించి పల్లంరాజు గట్టున దిగారో లేదో జనంలో కనబడలేదు.

వీరాస్వామికి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, పల్లంరాజు వైపునుంచి వచ్చే పొగ వాసనకు అతని ముక్కుపుటాలు అదిరాయి. తల పక్కకు తిప్పుకున్నాడు. చెయ్యి మెల్లగా చెవిదాకా వెళ్ళింది. నిప్పుతాడు అందేంత దూరంలోనే ఉంది.

దిగువనుంచి ఇంకో పడవ లాకులోకి వస్తోంది, కిక్కిరిసిన జనంతో. సూరమ్మ దానికి వీపు పెట్టి, మొగుడివైపు తిరిగి, అతన్నే చూస్తూ కూర్చుంది.