శేషం వెయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నది భాస్కరం మాస్టారు, ఆయన భార్య సీతారామలక్ష్మి, ఇంటర్ చదివే కూతురు హైమ. వంటచేసే పాపాయిని కూడా లెక్కలో వేస్తే నలుగురు.

పాపాయి కత్తిపీట ముందు కూర్చుని అరటిదూట తరుగుతోంది. చక్రం కోయగానే సాగే నారను చూపుడువేలికి చుట్టుకుంటోంది. దూట పసరుకు వేళ్ళ చివర్లు ఎప్పుడో నల్లబడ్డాయి. మోకాలి పక్కన పొడుగాటి నోటుపుస్తకం, అట్టమీద పసుపు మరకలు. నాలుగు చక్రాలు కోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పుస్తకంలో ఒక అంకె వేస్తోంది.

ఆమె భాగిస్తున్నది పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్యను. ట్యూషను పిల్లవాడి లెక్కలో తప్పును ఆమె గుమ్మం దగ్గర నిలబడే చెప్పేసిందని, మూడేళ్ళ క్రితం మాస్టారు ఈ లెక్క ఇచ్చారు.

"దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య పట్టుకో పాపాయీ. లేదంటే లేదని తేల్చు. తేల్చిన మర్నాటి నుంచి ఆరో తరగతి ట్యూషను నీదే. ఫోన్ని మాత్రం అడక్కూడదు."

ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలే పనికొస్తాయని చెప్పి, వెయ్యి పైచిలుకు సంఖ్యల జాబితా కూడా రాసిచ్చారు.

పదో తరగతి లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకుని ఇంగ్లీషులో తప్పిన మనిషి పాపాయి. జ్వరమొచ్చినా దాదాపు రోజుకో భాగహారం చేసింది. సాయంత్రం మాస్టారు దిద్దేవారు. తప్పు కనబడితే ముందు ఆ అంకె కింద ఎర్ర చుక్క పెట్టి, తర్వాత ఆమెను పిలిచేవారు. లేకపోతే టిక్కు.

ఆ మధ్యాహ్నం జాబితాలో చివరి సంఖ్యా అయిపోయింది. అప్పుడూ శేషం మిగిలింది.

"హైమమ్మా, తేలిపోయింది! దీన్ని ఏదీ భాగించదు. ప్రధాన సంఖ్యేనమ్మా ఇది."

"అయితే రేపట్నుంచి పాపాయి టీచరన్నమాట. బెత్తం కొనుక్కున్నావా?" హైమ నవ్వుతూ ఫోను తీసింది. "అయిపోయిందిగా, ఇప్పుడు చూస్తే తప్పులేదులే."

నవ్వు ఆగిపోయింది.

"ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదితో పోతుందంట, పాపాయక్కా."

ఆ సంఖ్య మొదటి ఏడాదే చేసింది. పేజీ దొరికింది. 51741లోంచి 43298 తీసేటప్పుడు పక్క అంకె నుంచి ఒకటి తెచ్చుకుని, తెచ్చిన సంగతి మరిచి, 8443 రాయాల్సినచోట 8453 రాసింది. అందుకే చివర శేషం వెయ్యి. పేజీ అడుగున మాస్టారి టిక్కు. పైన, 8453లో అయిదు కింద, ఎర్ర చుక్క.

పాపాయి దాన్ని గోటితో గీకింది. పోలేదు.

మాస్టారు ముందుగదిలో బోర్డు తుడుస్తున్నారు. ఊడవడానికి తప్ప ఆమె ఆ గదిలోకి వెళ్ళింది లేదు. గుమ్మంలోనే ఆగి పుస్తకం చూపించింది.

"ఈ చుక్క మీదేనాండి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసేశారు.

"తప్పు చూసే టిక్కు పెట్టారా అండి?"

"అమ్మగారి మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. నువ్వు బోర్డు దగ్గర నిలబడితే పొయ్యి దగ్గర ఎవరుంటారు?"

"ఆ ముక్క అప్పుడే చెప్తే సరిపోయేది కదండీ. ఒక్కరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని."

లోపలి నుంచి సీతారామలక్ష్మి కేకేసింది. "పాపాయీ, దూటకూరలో ఆవ పెట్టావా?"

పాపాయి గుమ్మంలోంచే గదిలోకి చెయ్యి చాపింది. గుమ్మం పక్క బెంచీ మీద పుస్తకం తెరిచి పెట్టింది. వేలికున్న నారను ఊడదీసి, శేషం రాసినచోట ఉంచింది. వీధిలో సైకిలు గంటలు వినిపించాయి.

"పిల్లలొచ్చేస్తున్నారు" అంటూ మాస్టారు ఆమె ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టుకున్నారు.

పాపాయి స్టవ్వు కట్టేసింది. తన దగ్గరుండే పెరటి తాళంచెవి గూట్లో పెట్టి, చెప్పులు వేసుకుంది. మూసిన తలుపుకు అవతల, బెంచీ మీద, ఆ వెయ్యిని కప్పుతూ ఆమె వేలి కొలతలో దూట నార, సున్నాలా.