వర్జిల్ కట్టిన శ్రుతి

కాఫీ పొయ్యి మీద పెట్టి లొరీన్ పడగ్గదిలోకి వెళ్ళింది. మంచం కింది నుంచి పెట్టె లాగి, మూత తీసి, గిటారు తీగల మీద బొటనవేలిని ఒక్కసారి జార్చింది. ఆరు తీగలూ కలిసి మోగాయి. ఆ మోత అణిగేదాకా వంగే ఉండి, మూత వేసింది. మొగుడు వర్జిల్ పోయినప్పటి నుంచి ఆమె ప్రార్థన ఇదే. వాయించడం ఆమెకు రాదు. ఇంట్లో వాయించేవాడు ఉండగా ఎవరు నేర్చుకుంటారు?

వర్జిల్ బొగ్గు గనిలో దిగి బతికినవాడు. కానీ ఈ కెంటకీ కొండల్లో ఎవర్నడిగినా గని సంగతి ఎత్తరు, శనివారం డాన్సుల్లో అతని గిటారు సంగతే చెబుతారు. అతని శ్రుతి లోకంలో మరెవరికీ లేదు. ఏ తీగ దించేవాడో, ఏది బిగించేవాడో ఎవరికీ తెలియదు, ఆ పని చేసేటప్పుడు మాత్రం జనానికి వీపు తిప్పేసేవాడు. ఏది అడిగినా లేదనని మనిషి, ఆ ఒక్క దగ్గరే పిసినారి. రేడియో వాళ్ళు పిలిచిన రోజున పన్ను నొప్పని సగం దారిలోంచి తిరిగొచ్చాడు. అతని పాట ఏ టేపులోనూ లేదు. అతను కట్టిన శ్రుతి మిగిలింది ఈ గిటారు తీగల్లోనే.

ఈ వారమంతా వాన. ఇవాళ ఒక తీగ కాస్త బొంగురుగా పలికింది. తీగ బిగించే మర ఎటు తిప్పాలో తెలియక లొరీన్ దాన్ని ముట్టుకోలేదు.

బయట ట్రక్కు ఆగింది. ఫిడేలు వాయించే హోబర్ట్, వర్జిల్‌కి చిన్ననాటి జతగాడు. సాయంత్రం డాన్సు హాల్లో వర్జిల్‌ని తలుచుకోవడానికి అందరూ చేరుతున్నారు. గిటారు తీసుకెళ్ళడానికి వచ్చాడు.

"నిద్రపోయావా వదినా? కళ్ళు చూడు, ఎలా ఉబ్బాయో."

"నీ మొహం అద్దంలో చూసుకున్నావా? ఇదిగో, అందరి ముందూ ఒక్కసారి తీగలన్నీ మోగించు. అంతే నేనడిగేది."

"అదేం భాగ్యం వదినా!"

లొరీన్ చొక్కాల ఫ్యాక్టరీలో రోజంతా కాలర్లు కుట్టింది. పక్క మిషను నెడ్రా, "సాయంత్రం ఏడవడానికి చేతిరుమాలు తెచ్చుకోనా, తువ్వాలు తెచ్చుకోనా?" అంది.

"దుప్పటి తెచ్చుకో" అని లొరీన్ నవ్వింది. హాలంతా ఆ మోత వింటుందన్న ఆశతో సాయంత్రం దాకా కుట్టింది.

హాల్లో చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టెలు, అరటిపండు పుడింగు బల్లల మీద పరిచారు. పోయినవాడి గిటారును చేతులు మార్చుకుంటూ తలొక పాట వాయించడం ఇక్కడి ఆనవాయితీ. వేదిక మీద గిటారు కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది.

"చూశావా వదినా?" హోబర్ట్ మొహం వెలిగిపోతోంది. "కొత్త తీగలేశా. నూనె పూసి తుడిచా. అందరూ వాయించాలిగా, మామూలు శ్రుతిలో పెట్టేశా."

మోగించాడు. స్వచ్ఛంగా, చక్కగా మోగింది. దుకాణంలో ఏ గిటారు మీటినా అలాగే మోగుతుంది.

లొరీన్ వేదిక దగ్గరికి జరిగింది. "ఆయన శ్రుతిలో పెట్టు" అంది.

హోబర్ట్ మర మీద చెయ్యి వేసి, ఆగిపోయాడు. బాంజో వాయించే క్లీటస్ వచ్చి వంగాడు.

"కింది తీగ దించు."

"ఒరేయ్, వాడు దించేవాడు కాదురా, బిగించేవాడు."

"నువ్వెప్పుడు చూశావు? వాడి వీపేగా మనం చూసింది!"

తిప్పారు, మీటారు. "ఇదేనా వదినా?" మళ్ళీ తిప్పారు. "ఇదా?" ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పోనీ, తానే గొంతుతో పలికి చూపుదామని నోరు తెరిచింది. పొద్దున విన్న మోత కోసం వెతుక్కుంది. వీళ్ళు మోగించినవన్నీ దాని మీద పడి కలిసిపోయాయి. ఇక రాదని అప్పుడు తెలిసింది. ఏడవాలని ఉంది, ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

హోబర్ట్ గిటారు ఒళ్ళోంచి దించేశాడు. "మంచికి పోతే చెడు ఎదురైంది వదినా. నా చేతులు పడిపోనూ."

"ఊరుకో. ఇదే. ఇప్పుడు పలికిందే." ఆమె అతని భుజం తట్టింది. "వాయించు, జనం చూస్తున్నారు."

తలొక పాట వాయించారు. అందరూ ఏడ్చారు, అచ్చం వర్జిలే అన్నారు. లొరీన్ కూడా అవునంది.

పాటలయ్యాక తన పుడింగు గిన్నె కోసం వేదిక పక్కకు వెళ్ళింది. మెట్టు మీద, ఎవరో తిని వదిలేసిన కాగితపు పళ్ళెంలో, తెంపిన పాత తీగలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, అతని వేళ్ళు ఆనిన చోటల్లా నల్లబడి.