బస్తాల కోసం ఆగే బండి

తడిమట్టి వాసన.

ధాన్యం కొట్టు తలుపు తీయగానే ముందు అదే తగిలేది. వడ్ల వాసన లేదు. గోనెల వాసన లేదు. నీళ్ళు కట్టేసిన కాలువ అడుగునుంచి తవ్వి తెచ్చిన నల్లమట్టి — చల్లగా, బరువుగా, నేలంతా పరుచుకుని.

ఆ మట్టి మధ్య అప్పాజీగారు మోకాళ్ళ మీద కూర్చుని ఉండేవారు.

మెరకపాడులో సగం మాగాణి ఆయనదే. తెల్లారకముందే గట్ల మీద తిరిగే మనిషి. ఆ వేసవి పొలం మొహం చూడలేదు. కొట్టులో కూర్చుని మట్టితో కట్ట పోశారు. కట్ట మీద వెదురుబద్దలు రెండు వరసలుగా పరిచారు. వడ్రంగి వీరబ్రహ్మం బొమ్మలు చేసే తేలికైన పొణికి చెక్కతో పెట్టెలు చెక్కి, రేగుపళ్ళంత చక్రాలు తగిలించి తెచ్చాడు.

రైలుబండి.

ఊళ్ళో ఎవరూ రైలు చూడలేదు. ఆయన ఒక్కరే చూశారు, బెజవాడలో. ఇప్పుడు ఆ బెజవాడ నుంచి గోదావరి దాకా పట్టాలు వేస్తారట. దొరలు గుర్రాల మీద వచ్చి పొలాలకు అడ్డంగా రాళ్ళు పాతి వెళ్ళారు. ఆ రాళ్ళ వరస మెరకపాడు పొలిమేర మీదుగానే పోతోంది.

పోవడం కాదు ఆయనకు కావలసింది.

ఆగడం.

*

అంతకు ముందు వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, మాణిక్యానికి జ్వరం వచ్చింది.

అప్పాజీగారి ఏడేళ్ళ కూతురు. ఒక్కతే పిల్ల. నీళ్ళుంటే పడవలో పడుకోబెట్టి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకుపోయేవారు. కాలువలో నీళ్ళు లేవు. బురద, ఎండిన గుల్లలు, కొంగలు... అంతే.

ఎడ్లబండి కట్టారు. పడమటి గాలి నిప్పులా వీస్తోంది. తల్లి శ్యామలాంబ తడిగుడ్డ వేస్తే వేసినంతసేపట్లో ఆరిపోతోంది. తడుపుతోంది, వేస్తోంది. తడుపుతోంది, వేస్తోంది.

కొవ్వూరు చేరారు. ఎదురుగా గోదావరి. అవతలి ఒడ్డున రాజమండ్రి మేడలు తెల్లగా కనిపిస్తున్నాయి. పడవవాడు రేవు దగ్గరే ఉన్నాడు.

ఇసక దిబ్బలు దాటుతుండగా పిల్ల చెయ్యి చల్లబడింది.

శ్యామలాంబ ఆ ఇసకలో కూర్చుంది. ఏడవలేదు. ఇంటికి వచ్చాకా ఏడవలేదు. మాట్లాడడమే మానేసింది. వండేది, వడ్డించేది, దీపం పెట్టేది. మాట మాత్రం లేదు.

అప్పాజీగారికి మాత్రం ఒకే ఒక్క మాట మిగిలింది. రైలుంటే బతికేది.

రైలుంటే బతికేది.

రైలుంటే...

*

దొరలు బండి ఊరికే ఆపరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. స్టేషను కావాలంటే సరుకు చూపించాలి. ఈ ఊరు ఏం పంపుతుంది, ఏ కాలంలో పంపుతుంది, ఎక్కడ ఎక్కిస్తుంది — అన్నీ కళ్ళకు కట్టినట్టు చూపించాలి.

అందుకే ఆ మట్టి ఊరు.

పెద్ద పట్టాకు పక్కనే చిన్న పట్టా. సరుకు పెట్టెలు నిలబడడానికి. చిన్న పట్టా వెంట బియ్యం మర. అది ఊళ్ళో ఇంకా లేదు, రైలు వస్తే తానే పెట్టిస్తానన్నారు. మర పక్కన బెల్లం కొట్లు, చెమ్మ తగలకుండా రాళ్ళ మీద ఎత్తుగా. కొబ్బరి పీచు పాక. లంక పొగాకు గిడ్డంగి. తూర్పు కొసన కుమ్మరి తాతాజీ పెంకుల బట్టీ. వేసవి గాలి పడమర నుంచి వస్తుంది కనుక రవ్వలు పీచు మీద పడకుండా తూర్పున.

ఊరు ఊరంతా వచ్చింది ఆ కొట్టులోకి. వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. తాతాజీ తన బట్టీని తానే చిటికెన వేలంత చేసి, కాల్చి తెచ్చి పెట్టుకున్నాడు. గానుగ సంపూర్ణమ్మ నూనెకు ఒక గది అడిగింది. మనుషులు నేల మీద వంగి, రాబోయే రోజులను చేత్తో తాకి చూసుకున్నారు.

పాలేరు చిట్టియ్య మాత్రం గుమ్మం అవతలే నిలబడ్డాడు. అతనూ, భార్య సువార్తమ్మా కొత్తగా కిరస్తానంలో కలిశారు. కలిసినా గుమ్మం గుమ్మమే. చాలాసేపు చూసి, అడగనా వద్దా అన్నట్టు అడిగాడు.

“కాటా దగ్గర నీడకి ఒక పాక వేయించండయ్యా. బస్తాలు మోసేది మేమే గదండీ.”

అప్పాజీగారు నాలుగు పుల్లలు గుచ్చి, పైన తాటాకు ముక్క కప్పారు. చిట్టియ్య మొహం వెలిగింది.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో ఇంకో నీడ పడింది.

శ్యామలాంబ.

ఆమె ఆ కొట్టు వైపు రావడం అదే మొదలు. తలుపు పట్టుకుని చూసింది. మరను చూసింది. కొట్లను చూసింది. ఎన్నాళ్ళుగానో వాడని గొంతు, బొంగురుగా...

“పొగాకు పక్కన బియ్యం పెట్టకండి. వాసన పట్టేస్తుంది.”

ఆయన చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి లేచి, గిడ్డంగిని జాగ్రత్తగా ఎత్తి, తాతాజీ బట్టీకి ఇవతలగా పెట్టారు.

ఆ రోజు నుంచి ఆమె వచ్చేది. వంట ముగించి వచ్చేది. కొంగున కట్టుకొచ్చిన వడ్లు ఒక పెట్టెలో, బెల్లం పలుకు ఇంకో పెట్టెలో పోసేది. వేలితో నెట్టేది. బద్దల మీద పెట్టెలు కదిలేవి — కిర్రుమని, మెల్లగా, తూర్పుకి.

తిరిగి వచ్చేటప్పుడు బండి ఏం తెస్తుందని అడిగిందొకసారి. ఉప్పు, కిరసనాయిలు, బట్టలు అన్నారాయన. ఆమె ఇంకా ఏదో అడగబోయి మానేసింది. తరువాత మళ్ళీ నెమ్మదిగా అడిగింది.

“మనుషులు ఎక్కే పెట్టె ఏదండీ?”

ఆయన వేళ్ళకంటిన మట్టి తుడుచుకున్నారు.

“పిల్ల కోసమంటే బండి ఆపరే, శ్యామలా. బస్తాల కోసమైతే ఆపుతారు. ముందు ఆగనీ... ఆగిన బండి ఎవరైనా ఎక్కొచ్చు.”

*

రైలు దొర వచ్చాడు. వెంట జీవరాజు, మిషను బడిలో చదివి దొరల మాటలు తెలుగు చేసి చెప్పే గుమాస్తా.

దొర నవ్వలేదు. టోపీ తీసి, కొట్టు నేల మీద చతికిలబడి చూశాడు. పెట్టెలు నెట్టి చూశాడు. బట్టీ అటెందుకు పెట్టారని అడిగాడు. గాలి సంగతి జీవరాజు చెబితే తల ఊపాడు. పొగాకు దూరంగా ఎందుకని అడిగాడు. అప్పాజీగారు గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు, గోడ అవతల గాజుల చప్పుడు తప్ప.

మాణిక్యం సంగతి ఆయన చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. మింగేశారు.

దొర వెళ్ళేటప్పుడు చెయ్యి కలిపాడు. ఊరు పండగ చేసుకుంది.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఊడ్పులు, కోతలు. మళ్ళీ పడమటి గాలి మొదలైంది. అప్పుడు జీవరాజు ఒక్కడూ వచ్చాడు. కబురు పంపితే సరిపోయేది. మనసొప్పక తానే వచ్చాడు.

స్టేషను ఒక ఆమడ అవతల ఊళ్ళో కడతారట. మెరకపాడులో బండి ఆగదు.

“మీరు చూపించిన సరుకు అబద్ధమని అనలేదండి. కానీ ఆ సరుకంతా ఇప్పుడు పడవల మీద పోతోంది గదా. పడవ కిరాయి తక్కువ. ఈ ఊరి బస్తా కాలువ వదిలి రైలెక్కదని తేల్చేశారండి.”

కాలువ.

ఆ రోజు నీళ్ళు లేని కాలువ.

అప్పాజీగారు అతనికి మజ్జిగ ఇప్పించారు. ఎండ తగ్గాక వెళ్ళమన్నారు. అతను వెళ్ళాక కొట్టు తలుపు దగ్గరికి వేశారు. అంతే.

తాతాజీ వచ్చి తన బట్టీని తీసుకుపోయాడు. నూనె గది అడిగిన సంపూర్ణమ్మ ఆ దారి తొక్కలేదు. మట్టికట్ట బీటలు వారింది. చీమలు బెల్లం పలుకును మోసుకుపోయాయి.

శ్యామలాంబ మళ్ళీ మౌనంలోకి వెళ్ళిపోయింది.

*

అసలు పట్టాలు వచ్చాయి.

అసలు బండి వచ్చింది. పొలిమేర మీద, ఆయన చేల పక్కనే, పొగ విరజిమ్ముతూ. మొదట్లో ఊరంతా చూడ్డానికి పరిగెత్తింది. తరువాత పశువులు కూడా తల ఎత్తడం మానేశాయి.

వచ్చేది. పోయేది.

ఏళ్ళు గడిచాయి. గోదావరి మీద వంతెన లేచింది. బండి ఇప్పుడు కొవ్వూరులో దించకుండా నది దాటించి రాజమండ్రిలోనే దించుతుందని చెప్పుకున్నారు. ఆ మాట విన్న పూట శ్యామలాంబ అన్నం ముట్టలేదు.

ఇంకో వేసవి. కాలువలు కట్టేశారు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళ చిట్టియ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకాల సువార్తమ్మ, భుజం మీద కూతురు దేవకుమారి. గొంతు వాచి, ఊపిరి గీసుకుపోతోంది. ఎడ్లబండి ఇప్పించమన్నాడు.

అప్పాజీగారే ఎడ్లను విప్పారు. కాడి ఎత్తారు. పలుపు ముడి పడడం లేదు. ఆమడ దూరం... స్టేషనుకు చేరేసరికి ఈ పూట బండి వెళ్ళిపోతుంది.

శ్యామలాంబ వాకిట్లోకి వచ్చింది. పిల్ల మొహం చూసింది. ఆ ఊపిరి విన్నది. పడమటి గాలిలో ఎక్కడో సన్నగా కూత.

ఆమె సువార్తమ్మ భుజం మీది నుంచి పిల్లను తీసుకుంది. అన్నేళ్ళూ ఆ ఇంటి గుమ్మం అవతలే ఆగిపోయిన పిల్లను గుండెకు హత్తుకుంది. చేలకు అడ్డం పడి నడిచింది. నడక పరుగైంది. వెనక సువార్తమ్మ, చిట్టియ్య. వాళ్ళ వెనక అప్పాజీగారు.

కోసిన వరి దుబ్బులు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి.

కట్ట ఎక్కింది. పిల్లను తల్లి చేతుల్లో పెట్టింది. పట్టాలు బాగుచేసే కూలీలు ఎర్రగుడ్డ పట్టుకుంటే బండి ఆగడం ఆమె చేలో నుంచి చూసింది. కట్టుకున్నది ఎర్రచీరే. కొంగు పళ్ళతో పట్టి చింపింది. రెండు చేతులా ఎత్తి, పట్టాల మధ్య నిలబడింది.

బండి కూసింది. మళ్ళీ కూసింది. ఆమె కదల్లేదు.

ఇనుము మీద ఇనుము అరిచింది. నిప్పురవ్వలు... ఆవిరి... వేడిగాలి మొహాన కొట్టింది.

ఆగింది.

గార్డు కేకలేస్తూ దిగాడు. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఇక్కడ ఎక్కడానికి వీల్లేదు, జైలుకు పంపుతానన్నాడు. శ్యామలాంబ వాదించలేదు. పిల్లను అందుకుని, బండి చివరనున్న అతని పెట్టె దాకా నడిచి, గుమ్మంలో పడుకోబెట్టింది. అతను పిల్ల గొంతు చూశాడు. లోపలున్న దీపాలు, మూటలు కాలితో పక్కకు నెట్టి చోటు చేశాడు. సువార్తమ్మా చిట్టియ్యా ఎక్కారు.

అయినా బండి ఆపినవాళ్ళ పేరు రాసుకోవాలన్నాడు.

“నేనే ఆపానని రాసుకోండి,” అన్నారు అప్పాజీగారు.

బండి కదిలింది. తూర్పుకి. పొగ చేల మీద వాలి, పలచబడి, లేకుండా పోయింది.

రేపో ఎల్లుండో ఠాణా మనుషులు వస్తారు. ఆయనకు తెలుసు. దేవకుమారి వంతెన దాటేదాకా ఊపిరి పట్టుకుంటుందో లేదో... అది ఎవరికీ తెలియదు.

శ్యామలాంబ కంకర మీద కూలబడింది. చేతిలో చిరిగిన కొంగు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇంత గుడ్డముక్కకి ఆగుతుందా అండీ?”

ఆయన ఆ గుడ్డ కొస పట్టుకుని చూశారు.

అప్పుడు ఏడ్చింది. కొవ్వూరు ఇసకలో రాని ఏడుపు, అన్నేళ్ళూ రాని ఏడుపు. ఆయన పక్కనే కూర్చున్నారు. ఓదార్చలేదు.

ఆమె ఒక చెయ్యి పట్టా మీద ఉంది. ఇనుము కాలుతోంది. ఆమె తీయలేదు. అరచేతి కింద సన్నగా, ఇంకా వణుకు... బండి పోతున్న వణుకు. అది తగ్గుతోంది. తగ్గుతోంది.

ఉన్నట్టే ఉంది. లేనట్టే ఉంది.