టైర్లు వేడిగానే ఉన్నాయన్న గొంతు

"టైర్లు వేడిగానే ఉన్నాయి, వెళ్లండి" అన్నది ఎవరు?

ఈ ప్రశ్న నేను కార్ల కంపెనీని అడిగాను. ట్రాక్ నిర్వాహకులను అడిగాను. విచారణ సంఘాన్ని అడిగాను. అందరూ శ్రద్ధగా విన్నారు. విని, నేను అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పారు. కారులో లోపమేమీ లేదన్నారు. వాతావరణం అనుకూలంగానే ఉందన్నారు. పక్కసీటులో కూర్చున్న శిక్షకుడు టైర్లను స్వయంగా పరీక్షించాడు గనుక బాధ్యత అతనిదేనన్నారు. ఆ శిక్షకుడు నా తమ్ముడు. అతను చనిపోయిన తర్వాత సమావేశమై, అతని లైసెన్సు రద్దు చేశారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నా తమ్ముడి విషయంలో తప్పులే చారెడయ్యాయి.

అతను నడపడం నేర్పే కార్లు ట్రాకు మీద పరుగుకే తప్ప రోడ్డు మీద తిరగవు. వాటికి నంబరు ప్లేటు ఉండదు. కొన్నవాడు ఇంటికి తీసుకుపోయినా గేటు దాటి బయటికి తేలేడు. అందుకని వాటిని కంపెనీవారే తమ షెడ్డులో దాచి, యజమానికి మనసైన రోజున లారీలో ట్రాకుకు చేర్చి, మెకానిక్కులను వెంట పంపుతారు. యజమాని హెల్మెట్ పట్టుకొని వస్తే చాలు. డ్రైవరు సీటును అతని వీపు కొలతకు పోతపోసి ఉంచుతారు. పక్కసీటుకు ఆ మర్యాద లేదు. దాని ముందు స్టీరింగూ లేదు, బ్రేకూ లేదు. నా తమ్ముడు అక్కడ కూర్చొని, నోటిమాటతో మాత్రమే, పక్కవాడిని ప్రాణాలతో తిరిగి తేవాలి.

"బండిని ఊరికే స్టార్ట్ చెయ్యకూడదక్కా," అని ఒకసారి మా వంటింటి గట్టు మీద కూర్చొని చెప్పాడు. "ముందు వేడి నూనె, వేడి నీళ్ళు ఇంజనులోకి తిప్పాలి. అది ఒళ్ళు వెచ్చబడ్డాకే లేస్తుంది."

"మీ బావ కూడా అంతే. కాఫీ పడందే లేవరు."

"బావకి దుప్పటి తీసేస్తే లేస్తాడు. ఈ టైర్లకి మాత్రం చివరి నిమిషం దాకా దుప్పటి తియ్యకూడదు." కరెంటుతో వేడెక్కే గుడ్డ తొడుగులను వాళ్ళ షెడ్డులో దుప్పట్లనే అంటారు. "గీతల్లేని నున్నటి టైర్లక్కా. వేడిమీద జిగురులా నేలను పట్టుకుంటాయి. చల్లారితే ప్లాస్టిక్కే. బ్రేకులూ అంతే, వేడెక్కందే పట్టవు. ఇంకో తమాషా ఏంటంటే, బండి నెమ్మదిగా పోతేనే భయం. వేగం మీద వెనక రెక్క గాలితో బండిని నేలకి అదుముతుంది. మెల్లగా పోతే ఆ అదుమూ ఉండదు."

"అంటే, మెల్లగా పోరా నాయనా అని నేను ఇన్నాళ్ళూ దీవించింది నీకు శాపమా?"

"నువ్వు దీవించు. నేను సర్దుకుంటాలే," అని గట్టు దిగాడు.

సర్దుకోవడానికి అతనికో పద్ధతి ఉండేది. కారెక్కే ముందు గ్లవ్ తీసి, ఒక్కో దుప్పటి అంచు ఎత్తి, చేతి వెనుకవైపును టైరుకు ఆనించేవాడు. యంత్రం చూపించే అంకె అతనికి చాలదు. అది దుప్పటి వేడి చెబుతుంది గాని టైరు వేడి చెప్పదనేవాడు. మా అమ్మ మా నుదుళ్ళు అలాగే చూసేది. అరచెయ్యి మొహమాటపడుతుంది, వెనుకచెయ్యి నిజం చెబుతుంది అనేది. షెడ్డులోవాళ్ళు అతనికి 'జ్వరాల డాక్టరు' అని పేరు పెట్టారు. అతను నొచ్చుకోలేదు.

ఆ రోజు మబ్బు పట్టి, చలిగాలి వీస్తోంది. నా తమ్ముడు నాలుగు టైర్లూ చూశాడు. వేడిగా ఉన్నాయి. ఈ మాట నేను కాదనడం లేదు. తర్వాత పక్కసీటులో కూర్చున్నాడు. పక్కసీటువాడే ముందు ఎక్కాలి; అతని బెల్టులు బిగించాలంటే మెకానిక్కు డ్రైవరు సీటులోకి వంగాలి గనుక. బెల్టులు బిగిశాయి. హెల్మెట్‌ను భుజాలకు కట్టిపడేసే పట్టీలు తగిలించారు. ఆ పట్టీలు తగిలించాక మనిషి తల తిప్పలేడు. ఎదురుగా ఉన్న అద్దం మాత్రమే అతని లోకం.

సరిగ్గా అప్పుడు యజమాని స్నేహితులు ఫోటో కావాలన్నారు. దుప్పట్లు కప్పిన చక్రాలతో ఫోటో బాగుండదని ఎవరో అన్నారు. దుప్పట్లు తీశారు. యజమాని బానెట్టుకు ఆనుకొని నిలబడ్డాడు, స్నేహితులతో నిలబడ్డాడు, హెల్మెట్ పెట్టుకొని నిలబడ్డాడు, తీసేసి నిలబడ్డాడు. గాలి తన పని తాను చేసుకుపోయింది. చివరికి అతను సీటులోకి దిగాక, నా తమ్ముడు హెల్మెట్ మైకులో అడిగాడు: "టైర్లు ఎలా ఉన్నాయి?"

వేడిగానే ఉన్నాయి, వెళ్లండి అని జవాబు వచ్చింది.

మొదటి మలుపు దగ్గర కారు జారింది. గోడకు పక్కసీటు వైపు తగిలింది. యజమానికి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ముఖం మీద గుడ్డ తీసి చూపించారు. నా చెయ్యి దానంతటదే తిరగబడి, వెనుకవైపుతో అతని నుదుటిని తాకింది. అమ్మ చెప్పింది నిజమే. వెనుకచెయ్యి మొహమాటపడదు.

విచారణలో కంపెనీ తరఫున కార్యక్రమాలు నడిపే అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించాడు.

"మేడమ్, మీ తమ్ముడిగారి పద్ధతి మాకందరికీ తెలుసు. టైరు ముట్టుకోనిదే ఎక్కరు. ఆ రోజూ ముట్టుకున్నారు. సాక్షులున్నారు."

"ముట్టుకున్నాక దుప్పట్లు తీసిందెవరు?"

"అది... అక్కడ చాలామంది ఉన్నారు."

"అడిగితే జవాబిచ్చింది కూడా చాలామందేనా? కోరస్‌గా చెప్పారా?"

అతను మంచినీళ్ళ గ్లాసును నా వైపు మరికాస్త జరిపాడు.

తిలా పాపం తలా పిడికెడంటారు. ఇక్కడ ఆ పాపమంతా పోగుచేసి, బిగిసిపోయిన ఒక్క పిడికిట్లోనే పెట్టారు. జాగ్రత్తపరుడి జాగ్రత్తనే అతని మీద సాక్ష్యంగా నిలబెట్టారు. అతను నిర్లక్ష్యంగా ఎక్కి ఉంటే ఈపాటికి నిర్దోషి.

కొద్ది వారాల తర్వాత టైర్ల మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"డాక్టరుగారంటే మాకు ప్రాణమమ్మా."

"అయితే చెప్పు నాయనా. ఆ గొంతు నీదా?"

"నాది కాదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. దుప్పట్లు మళ్ళీ కప్పుదామని నేనే అన్నాను."

"ఎవరితో అన్నావు?"

అతను గుమ్మం బయట విడిచిన చెప్పుల వైపు చూశాడు.

"మరి ఆ గొంతు ఎవరిది?"

"నేనింకా అదే షెడ్డులో పనిచేస్తున్నానమ్మా," అన్నాడు నేలను చూస్తూ. ఆ కారును బాగుచేశారట. కొత్త టైర్లు ఎక్కించింది అతనేనట. అది చెప్పినప్పుడు మాత్రం ఏడ్చాడు.

అతను వెళ్ళాక నా మరదలు, తమ్ముడి భార్య, వంటింట్లోంచి వచ్చింది. అంతా వింటూనే ఉంది.

"వదినా, ఆయన చూసే ఎక్కారు కదా. అందరూ అదే అంటున్నారు. తప్పు ఆయనదేనేమో. ఇంక వదిలేద్దాం."

మా ఇంట్లో కూడా అతను దోషి అయిన రోజు అది. నేను గోడను చూడలేదు, ప్రమాదాన్ని చూడలేదు. నా తమ్ముడు రెండోసారి పోవడం మాత్రం కళ్ళారా చూశాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. పదిమందీ పదేపదే చెప్పినది ఎంతటివారి తలకైనా ఎక్కుతుంది.

అతిథుల్లో ఎవరో తీసిన వీడియో ఒకటి మిగిలింది. నల్లని కారు, దాని పక్కన నేల మీద కుప్పగా పడి ఉన్న దుప్పట్లు, తర్వాత ఇంజను గర్జన. గర్జన వరకే ఉంచి, ప్రమాదం కత్తిరించి పంచారు. లక్షలమంది చూశారు. అద్భుతమని రాశారు, ఆ శబ్దం వింటే ఒళ్ళు పులకరించిందని రాశారు. గర్జనకు ముందు, హెల్మెట్ మైకు మాటలు వినిపించే ట్రాకు పక్క స్పీకరులోంచి రెండు గొంతులు వస్తాయి. ఒకటి అడుగుతుంది. అది నా తమ్ముడిది; నిద్రలోనైనా గుర్తుపడతాను. రెండోది జవాబిస్తుంది. ఆ జవాబిచ్చిన మనిషి ఈ రోజుకీ భోజనం చేస్తున్నాడు, ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ గొంతును రోజూ వినేవాళ్ళు ఉన్నారు.

ఇది చదువుతున్న మీరు ఆ వీడియో చూసే ఉంటారు. మళ్ళీ తెరవండి. కారును చూడకండి, ఇంజను కోసం ఎదురుచూడకండి. ఆ రెండో గొంతు వినండి. అది ఎవరిదో మీకు తెలిస్తే, నా మరదలి ఎదుటికి వచ్చి, ఆ పేరు పైకి చెప్పండి.